ఆ ఒక్క పరుగు ముచ్చట

ఫ్లెక్సీలో తప్పు పడింది.

బోధన్‌లో చర్చి గేటు పక్కన కట్టారు దాన్ని. మధ్యలో ఆయన ఫోటో, ఫోటో చుట్టూ గులాబీలు, పైన రెండు తెల్ల పావురాలు, కింద "క్రీడాకారుడు, అంపైరు, 99 నాటౌట్" అని పెద్దక్షరాలు. పావురాలు ఎవరు పోయినా వేస్తారు, వాటితో నాకు పేచీ లేదు. గులాబీలకూ ఆయనకూ ఏ సంబంధమూ లేదు, అయినా సరే. కానీ ఆ అంకె తప్పు. అది తప్పని తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం. ఒకడు సాయిలు. వాడు కోత మిషన్ తోలుకుని మహారాష్ట్ర దిక్కు పోయి ఉన్నాడు, సమాధిలో మట్టి వేయడానికి కూడా అందలేదు. రెండోవాడిని నేను.

నేను నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర ఒక మెడికల్ షాపులో పనిచేస్తాను. అంతకుముందు బోధన్‌లో ఆయన టీమ్‌లో ఎడమచేతి స్పిన్నర్‌ని. బంతి పెద్దగా తిరిగేది కాదు, పిలవడం మాత్రం స్పిన్నర్ అనే పిలిచేవాళ్లు.

ఆయనది మోటార్ వైండింగ్ దుకాణం. మొదట చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఫ్యాక్టరీ మూతపడింది. దాని పక్కనున్న గ్రౌండుకు మూయడానికి తలుపు లేదు కాబట్టి అది మిగిలింది. ఆయన కాలిపోయిన పొలం మోటార్లకు కొత్త తీగ చుట్టి, పైన పచ్చ రంగు కొట్టి రైతులకు ఇచ్చేవాడు. ఆ మిగిలిన పచ్చ రంగుతోనే గ్రౌండులో ఉన్న పంపు రూము గోడ మీద మా టీమ్ రికార్డులు రాసేవాడు. మావి ముప్పై ఓవర్ల మ్యాచ్‌లు. ఎడమ పక్కన మంచి రికార్డులు: టీమ్ అత్యధిక స్కోరు, ఒక్కడు కొట్టిన ఎక్కువ పరుగులు, ఒక్కడు తీసిన ఎక్కువ వికెట్లు. కుడి పక్కన చెడ్డవి: టీమ్ అతి తక్కువ స్కోరు, ఎక్కువసార్లు సున్నాకు ఔటైనోడు, ఒక్క ఓవర్లో ఎక్కువ పరుగులు ఇచ్చినోడు. ఈ ఆఖరిది నేను.

"అన్నా, చెడ్డయి ఎందుకు రాసుడు?" అని అడిగాను, రంగు ఇంకా ఆరకముందే.

"మంచియి రాస్తలేనా?" అన్నాడు.

నా ఓవర్‌ని బాదినవాడు ఇందల్వాయి టీమ్‌లో ఒక లారీ డ్రైవరు. ఆ రోజు అంపైర్ ఆయనే. బంతులు లెక్కపెట్టడానికి ప్యాంటు ఎడమ జేబులో ఆరు బేరింగ్ గుండ్లు పెట్టుకుని, బంతికి ఒకటి చొప్పున కుడి జేబులోకి మార్చేవాడు. ఆయన జేబుకు చిల్లు ఉందనీ, ఒక గుండు జారిపోయిందనీ, నా చేత ఏడు బంతులు వేయించాడనీ నా వాదన. ఆయన రెండు జేబులూ బయటికి తీసి నాకు చూపించాడు. చిల్లు లేదు. ఆ తర్వాత ఆ గోడ ఊరందరికీ చూపించాడు. నాకు పిల్లనివ్వడానికి వచ్చిన మా మామ, గ్రౌండు చూస్తానని వచ్చి ఎడమ పక్కంతా నా పేరు కోసం వెతికి, కుడి పక్కన పట్టుకున్నాడు. "ఇదేం రికార్డు?" అని అడిగితే, పక్కనే ఉన్న మా టీమ్ బౌలర్ యూసుఫ్ భాయ్, "మీ అల్లుడు దిల్దార్ మనిషి సాబ్, ఎంతడిగితే అంత ఇస్తడు" అన్నాడు. మామ ఆ ఒక్క మాటకే సంబంధం ఖాయం చేసుకున్నాడని నాకు అనుమానం.

ఆయన మెథడిస్టు. ఆదివారం ఆరాధన ముగిసి, అయ్యగారు ఆశీర్వాదం పలికేదాకా టాస్ పడేది కాదు. హిందువులం, ముస్లింలం అంతా ప్యాడ్లు కట్టుకుని చర్చి దిక్కు చూస్తూ కూర్చునేవాళ్లం. ప్రసంగం పొడుగైతే అందరికంటే ఎక్కువ తిట్టుకునేది యూసుఫ్ భాయ్. "పాస్టర్ సాబ్‌కు గూడ ఓవర్లు పెట్టాలె భాయ్" అనేవాడు.

ఎల్బీ అప్పీలు చేస్తే ఆయన వెంటనే వేలు ఎత్తడు. కళ్లద్దాలు తీస్తాడు, రుమాలుతో తుడుస్తాడు, మళ్లీ పెట్టుకుంటాడు, ఆ తర్వాత ఎత్తుతాడు. ఈ లోపల బౌలర్ ప్రాణం పోతుంది. "జెల్ది చెప్పరాదే అన్నా" అంటే, "తొందరేమున్నది? ఔటైనోడు యాడికి పోతడు?" అనేవాడు.

ఆ గోడకు ఒక పద్ధతి ఉండేది. అది మా టీమ్‌లోనే ఉంది, వేరే ఎక్కడా నేను చూడలేదు. రికార్డు పోయినవాడే వచ్చి, తన చేత్తో తన పేరు మీద సున్నం కొట్టుకోవాలి. ఆ తర్వాతే కొత్త పేరు రాస్తారు. ఇంకొకరు కొట్టడానికి లేదు. యూసుఫ్ భాయ్ ఆర్టీసీ డ్రైవరు. ఒక్క మ్యాచ్‌లో ఆరు వికెట్లు తీసిన రికార్డు ఆయనది. అది పోయిన రోజు ఇంటికి పోయి, స్నానం చేసి, పండుగ కుర్తా వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చాడు. "పేరు పోతుందంటే మంచి బట్టలేస్కోవాలె" అని బ్రష్ తీసుకున్నాడు. సున్నం కుర్తా మీద పడింది. తిట్లన్నీ ఉర్దూలో తిట్టాడు, గెలిచినవాణ్ని కావలించుకున్నాడు, వాడికీ సున్నం అంటించాడు.

మా కీపర్ పోశెట్టి కామెర్లతో పోయాడు. అతని పేరు మీద క్యాచ్‌ల రికార్డు ఉండేది. తర్వాత వచ్చిన కీపర్ దాన్ని దాటాడు కానీ పేరు మాత్రం మారలేదు. "సచ్చినోని చెయ్యి యాడికెళ్లి తేవాలె?" అన్నాడు ఆయన. ఆ రెండో కీపర్ ఇప్పటికీ ఎక్కడ కనపడినా ఆ సంగతి ఎత్తుతాడు. పోశెట్టి మీద కోపం లేదంటాడు, గొంతులో మాత్రం ఉంటుంది.

ఎడమ పక్కన అన్నిటికంటే పాతది, ఎవరూ తాకనిది ఆయన సొంత రికార్డు. తొంభై తొమ్మిది నాటౌట్. నేను టీమ్‌లోకి రాకముందు, వర్ని టీమ్ మీద, ముందు బ్యాటింగ్ చేసి కొట్టాడు. ఆ మ్యాచ్ ఓడిపోయారు, దాన్ని ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. గుర్తున్నది ఒక్కటే, సెంచరీకి ఒక్క పరుగు తక్కువ. బస్టాండులో, పెండ్లిళ్లలో, మోటారు మోసుకొచ్చిన రైతులతో సహా ఎవరు చూసినా ఒకటే మాట: "అయ్యో, ఒక్క పరుగే అన్నా!"

ఆ మాట వింటే ఆయన ముఖం మాడిపోయేది. "ఆ ఒక్క పరుగు ముచ్చట వద్దు" అని చెప్పుల దిక్కు చూసేవాడు. పాపం, సెంచరీ పోయిన బాధ ఇన్నేళ్లయినా తగ్గలేదని మేము జాలిపడేవాళ్లం. జాలిపడి, మర్నాడు మళ్లీ అదే మాట అనేవాళ్లం. మాకు అంతకంటే తెలివి లేదు.

కొన్నేళ్ల కిందట ఆయనకు గుండె జబ్బు బయటపడింది. నెలకోసారి బోధన్ నుంచి బస్సులో వచ్చి, కంఠేశ్వర్‌లో డాక్టర్‌కు చూపించుకుని, మా షాపుకు వచ్చి గోలీలు తీసుకునేవాడు. చీటీ నా చేతికిచ్చి స్టూల్ మీద కూర్చునేవాడు.

"డాక్టర్ ఏమన్నడన్నా?"

"ఏమంటడు? ఉప్పు తినకు, మెట్లెక్కకు, కోపం చేయకు. గా మూడు లేకపోతే నేనెందుకు బతకాలె?"

ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు విషయానికి వచ్చేవాడు. "గోడ మీద నా పేరు ఉండంగ పోతే మంచిగుండది. ఎవడన్న దాటాలె. నా చెయ్యి ఆడుతుండంగనే దాటాలె."

పోశెట్టి లాగా అయిపోతుందని భయపడుతున్నాడు అనుకున్నాను. తన పేరు గోడకు అట్లనే అంటుకుపోతే వెనక వచ్చే పిల్లలకు దారి ఉండదని ఆయన బెంగ అనుకున్నాను. మంచి మనిషికి మంచి బెంగే అంటగడతాం కదా.

అప్పటి నుంచి తనను దాటేవాడి కోసం ఊరూరూ వెతికాడు. బ్యాట్ పట్టిన ప్రతివాడినీ "నన్ను దాటుతవా?" అని అడిగేవాడు. పెద్దమనిషి సవాలు చేస్తున్నాడనుకుని కొందరు జడుసుకున్నారు. ఒకసారి మోస్రాలో ఒకరి పొలంలో మోటారు బిగించడానికి పోయి, కోసిన మడిలో టెన్నిస్ బాల్ ఆడుతున్న సాయిలును చూశాడు. కోత మిషన్ డ్రైవరు, ఎడమచేతి బ్యాటు, ఇరవై దాటిన వయసు. మోటారు అక్కడే వదిలేసి, అతన్ని మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని గ్రౌండుకు తెచ్చాడు. ఆ మోటారు రైతు సాయంత్రం దాకా చూసి, తిట్టుకుంటూ నడిచొచ్చాడు.

సాయిలుకు షాట్లు నేర్పుతాడనుకున్నాం. ఒక్కటీ నేర్పలేదు. నేల మీద సున్నంతో గీత గీసి, పరుగు తిరిగేటప్పుడు బ్యాట్ ఎట్లా పెట్టాలో నేర్పాడు. "గీసుకుంట పెట్టు! మీదికెళ్లి కాదు, భూమిని గీసుకుంట! గీత దాటిందాక చేతిని నమ్మకు, కన్నుతోని చూడు!" పొద్దంతా అదే. మాక్కూడా అదే. చూడ్డానికని నిజామాబాద్ నుంచి పోయిన నేను కూడా పొట్ట వేసుకుని వంగి, గీసుకుంటూ పరుగెత్తాను. ముసలితనంలో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి పడుతుందని యూసుఫ్ భాయ్ సర్దిచెప్పాడు.

ఒక ఆదివారం మ్యాచ్ మళ్లీ వర్ని టీమ్‌తోనే పడింది. మాకు పదకొండో మనిషి తక్కువైతే నన్ను నిజామాబాద్ నుంచి పిలిచారు. ఎవరు బ్యాటింగ్ చేసినా చివర వచ్చేది నేనే కాబట్టి చివర వచ్చాను. ముందు బ్యాటింగ్ మాదే, అందులో ఆఖరి బంతి మిగిలింది. సాయిలు తొంభై ఎనిమిది మీద ఉన్నాడు. రెండు కావాలి. రెండు తీస్తే ఆయన రికార్డు పోయినట్టే, వాడికి సెంచరీ అయినట్టే. ఆయన లెగ్ అంపైర్‌గా నిలబడ్డాడు, కళ్లద్దాలు అప్పటికే తుడుచుకుని పెట్టుకున్నాడు. నేను సాయిలు దగ్గరికి పోయి, "కొట్టు, ఉరుకుడు నేను చూస్కుంట" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకు తెలియదు.

సాయిలు డీప్‌లోకి కొట్టాడు. ఉరికాం. నేను అటు చివరకు చేరి, బ్యాట్ పెట్టి, తిరిగి ప్రాణాలు అరచేత పట్టుకుని ఉరికాను. రెండూ పూర్తయ్యాయి. మా వాళ్లు గంతులేస్తూ లోపలికి వచ్చారు. యూసుఫ్ భాయ్ సున్నం బకెట్ కోసం అప్పుడే కేక వేశాడు. అప్పుడు చూశాను, ఆయన ఒక చేయి మడిచి వేళ్లతో భుజం తాకిస్తూ నిలబడి ఉన్నాడు. షార్ట్ రన్. మొదటి పరుగుకు తిరిగేటప్పుడు నా బ్యాట్ గీత దాటలేదట. రెండింట్లో ఒకటి చెల్లదు. సాయిలు తొంభై తొమ్మిది నాటౌట్.

నా బ్యాట్ గీత దాటిందనే నేను ఇప్పటికీ అంటాను. ఫోటో లేదు కాబట్టి అట్లా అనే హక్కు నాకుంది.

గంతులు ఆగిపోయాయి. నేనే ముందు ఆయన మీదికి పోయాను. "అన్నా, గింత దానికి! జర సూసీ సూడనట్టు ఉంటే ఏం పోతుండె?"

"చూసిన గదా" అన్నాడు.

వెనక నుంచి ఎవరో, మా వాళ్లలోనే, పెద్దగా అన్నారు: "తన రికార్డు కాపాడుకున్నడు ముసలోడు." ఆయన విన్నాడు. నేను విన్నాను. ఎవరూ ఆ మాటను ఖండించలేదు, నేను కూడా ఖండించలేదు, ఎందుకంటే ఆ క్షణంలో నేనూ అదే అనుకుంటున్నాను. ఆయన ముఖం చూసి ఏమీ తెలియలేదు. జేబులో గుండ్లు సర్దుకున్నాడు.

తర్వాత వర్ని వాళ్లను ఔట్ చేసి మ్యాచ్ గెలిచాం, అయినా ఎవరికీ ఉషారు లేదు. అందరూ చాయ్ తాగడానికి హోటల్‌కు పోయారు. నేనూ సాయిలూ బ్యాట్లు, ప్యాడ్లు సర్దుకుంటూ ఉండిపోయాం. ఎండ ఇంకా ఉంది. ఆయన మోపెడ్ మీద దుకాణానికి పోయి వచ్చాడు. సాయిలు పేరు తన పేరు పక్కన రాయడానికి పచ్చ రంగు తెస్తాడనుకున్నాను. రంగు తెచ్చాడు, దానితో పాటు సున్నం కూడా తెచ్చాడు. బ్రష్ ముంచి, తన పేరు మీద మొదటి అక్షరం నుంచి కొట్టడం మొదలుపెట్టాడు.

సాయిలు లేచి ఆయన చేయి పట్టుకున్నాడు. "కాకా, ఏం చేస్తున్నవ్? సమానమే గదా! సమానమైతే ఇద్దరి పేర్లు ఉంటయి గదా!"

"సమానం కాదు బిడ్డా."

"నీది తొంబై తొమ్మిది, నాది తొంబై తొమ్మిది."

"నాది తొంబై ఎనిమిది" అన్నాడు.

బ్రష్ కింద పెట్టలేదు. గోడ దిక్కే చూస్తూ చెప్పాడు. "నాది గూడ ఆఖరి బంతే. నేను గూడ రెండు తీసిన. మొదటిదానికి తిరిగేటప్పుడు బ్యాట్ గీతకు ఇవతల్నే పడ్డది. జానెడు. అంపైర్ బాల్ దిక్కు చూస్తుండు. నేను గీత దిక్కు చూసిన."

"మరి చెప్పకపోతివా అన్నా?" అన్నాను.

"చెప్దామనుకున్న. భుజాల మీదికి ఎత్తుకున్నరు. దిగినంక చెప్దామనుకున్న. దిగేవరకు మా కెప్టెన్ గోడకు రాస్తుండు. తర్వాత మ్యాచ్ గూడ ఓడినం, ఇంక ఎవలకేం నష్టమనుకున్న." సున్నం చుక్కలు ఆయన చెప్పుల మీద పడుతున్నాయి. "కలిసిన ప్రతోడు అయ్యో ఒక్క పరుగు తక్కువాయె అంటడు. తక్కువెక్కడిది? ఒకటి ఎక్కువుండె. నీ బ్యాట్ పొట్టిగ పడ్డదని నేనెట్ల చూసిననుకున్నవ్? అన్నేండ్ల సంది నేను గదే చూస్తున్న."

నాకు, నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. ఆ షార్ట్ రన్ చూడకుండా వదిలేసి ఉంటే సాయిలుకు సెంచరీ అయ్యేది, ఈయన చక్కగా తన పేరు మీద సున్నం కొట్టుకుని, ఈ మాట ఎవరికీ చెప్పకుండా, ఊరంతా చప్పట్లు కొడుతుండగా ఇంటికి పోయేవాడు. దాని కోసమే కదా ఊరూరూ తిరిగి సాయిలును తెచ్చింది. తలుపు తెరుచుకుని ఉండగా తానే మూసి, గోడ దూకి వచ్చాడు.

పేరంతా సున్నం కిందికి పోయాక, పచ్చ రంగుతో సాయిలు పేరు రాశాడు. తొంభై తొమ్మిది రాసేటప్పుడు రెండో తొమ్మిది కొంచెం వంకర పోయింది. అది ఇప్పటికీ వంకరగానే ఉంది.

"ఈ ముచ్చట అందరికి చెప్పాల్నా అన్నా?" అని అడిగాను.

బ్రష్‌ను డబ్బా అంచుకు తుడిచాడు. "అడిగినోనికి చెప్పు" అన్నాడు.

సందు దొరికింది కదా అని నా సంగతి కూడా ఎత్తాను. "మరి నా ఓవర్ అన్నా? గది గూడ ఒకసారి చూడరాదు?"

"నీది కరెక్టే" అన్నాడు.

చాయ్ తాగి వచ్చినవాళ్లు గోడ చూసి నోళ్లు వెళ్లబెట్టారు. సమానమైనా సరే చిన్నవాడి కోసం పెద్దాయన తన పేరు తుడిపేసుకున్నాడని వాళ్లే ఒక కథ అల్లుకున్నారు. ముసలోడన్న నోటితోనే దేవుడన్నారు. ఎందుకు తుడిపావని మాత్రం ఎవరూ అడగలేదు. నన్ను కూడా అడగలేదు. ఆయన ఆ పొగడ్తలు వింటూ, మళ్లీ చెప్పుల దిక్కే చూశాడు. ఆ తర్వాత రెండు మూడుసార్లు గోలీలకు వచ్చాడు. స్టూల్ మీద కూర్చునేవాడు, రికార్డుల మాట ఎత్తేవాడు కాదు. నిద్ర మంచిగ పడుతుందని మాత్రం చెప్పాడు. ఈ నెల మాత్రం రాలేదు. ఆయన బదులు ఫోన్ వచ్చింది.

మట్టి అయ్యాక, గేటు దగ్గర ఆ ఫ్లెక్సీ కింద చాలాసేపు నిలబడ్డాను. టీమ్‌లో ఇప్పటి పిల్లలు చేయించారు, ప్రేమతోనే చేయించారు. వచ్చే ఆదివారం ఆయన జ్ఞాపకార్థం పెట్టే ఆదరణ కూడికలో స్టేజీ వెనక కూడా అదే కడతారట. అయ్యగారు ఆ అంకె పలుకుతాడు, అందరూ అయ్యో ఒక్క పరుగు అంటారు. ఈసారి చూసుకోవడానికి ఆయనకు చెప్పులు కూడా లేవు.

వాళ్లింటికి పోయి ఆయన భార్యను, మా వదినను, అడిగాను. కళ్లు తుడుచుకుంటూ కూర్చుని ఉంది.

"వదినా, ఫ్లెక్సీల ఒక అంకె తప్పు పడ్డది. మార్పియ్యాల్నా?"

"పెంచాల్నా, తగ్గియ్యాల్నా?"

"తగ్గియ్యాలె."

"అయితే ఆయన చెప్పిందే అయ్యుంటది. మార్పియ్యి" అంది. ఇంకేమీ అడగలేదు. ఆమెకు తెలుసేమో, తెలియదేమో, నేనూ అడగలేదు.

ఫ్లెక్సీ విప్పి, చుట్టి, భుజాన వేసుకుని పాత బస్టాండు దగ్గర అది ప్రింటు చేసిన షాపుకు పోయాను. షాపతను కంప్యూటర్ ముందు ఎవరిదో పుట్టినరోజు ఫోటోకు చెంపలు తెల్లగా చేస్తున్నాడు. మా ఫ్లెక్సీ పరిచి చూపించాను. తొంభై తొమ్మిదిని తొంభై ఎనిమిది చేయాలన్నాను.

"కొత్తది ఎందుకన్నా, తెల్ల స్టిక్కర్ అంటిస్త, దాని మీద అంకె వేస్త. దూరంకెళ్లి చూస్తే తెల్వది."

"తెలిసినా ఏం కాదు. అట్లనే చెయ్" అన్నాను.

అతను కత్తెర తీసుకుని తెల్ల స్టిక్కర్ కత్తిరించాడు. పాత అంకె మీద సున్నం కొట్టినట్టు అంటించి, బుడగలు లేకుండా అరచేత్తో రుద్దాడు. రుద్దుతూ రుద్దుతూ ఆగి, నా దిక్కు చూశాడు.

"పదేండ్ల సంది ఈ పని చేస్తున్ననన్నా. వచ్చినోడల్ల పెంచుమంటడు. తగ్గియ్యుమన్నోన్ని నిన్నే చూసుడు. ఎందుకన్నా, ఒక్కటి తగ్గిస్తున్నవ్?"

అడిగాడు. స్టూల్ దగ్గరికి లాక్కుని కూర్చుని, ఆఖరి బంతి కాడికెళ్లి చెప్పడం మొదలుపెట్టాను.